పి0ఏ80 పడితే బ్యాటరీ పోయినట్టేనా? హైబ్రిడ్ కారు కోడ్లు చదివే పద్ధతి

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలుగుతుంది, స్క్రీన్ మీద 'చెక్ హైబ్రిడ్ సిస్టమ్' అని వస్తుంది. షెడ్డులో స్కానర్ తగిలిస్తే పి0ఏ80 అని చూపిస్తుంది, పక్కనే 'రీప్లేస్ హైబ్రిడ్ బ్యాటరీ ప్యాక్' అని ఉంటుంది. "అన్నా, కోడే చెప్తాంది కదా, బ్యాటరీ మార్చాల్సిందే" అంటారు. పరీక్ష అక్కడితో అయిపోయి ఎస్టిమేట్ మొదలవుతుంది.

కోడ్ పేరు అలా పెట్టారు గానీ, ఆ కోడ్ పడటానికి ముందు ఈసీయూ (కారు కంప్యూటర్) చూసింది ఒక్కటే: బ్యాటరీలోని బ్లాకుల (కొన్ని సెల్లులను కలిపి ఒకటిగా కొలిచే భాగాల) మధ్య వోల్టేజీ తేడా ఉండాల్సిన దానికన్నా ఎక్కువైంది. సెల్ చచ్చినా ఆ తేడా వస్తుంది. సెల్లులను కలిపే రాగి పట్టీకి చిలుము పట్టినా వస్తుంది. వోల్టేజీ కొలిచే సన్న తీగ తెగినా, ఈసీయూ తప్పు చదివినా వస్తుంది. మొదటిదానికి లక్షల్లో ఖర్చయితే రెండోదానికి ఒక పూట పని చాలు. ఏది కారణమో కోడ్ చెప్పదు. లోడు మీద బ్లాక్ వోల్టేజీలు చూస్తేనే తెలుస్తుంది. అవి చూడకుండా బ్యాటరీ పోయిందని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు.

ముందు మీ కారు ఏ రకమో తేల్చుకోండి. ఎర్టిగా, బ్రెజాల మీద 'స్మార్ట్ హైబ్రిడ్' అని రాసి ఉన్నా అవి మైల్డ్ హైబ్రిడ్లే (మోటారు ఇంజిన్‌కు కాస్త సాయం మాత్రమే చేసే రకం), ఇక్కడ చెప్పేది వాటికి వర్తించదు. మోటారుతోనే కాసేపు నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో కూడా రెండు రకాల బ్యాటరీలున్నాయి. పాత ప్రియస్, క్యామ్రీ, ఇప్పటి ఇన్నోవా హైక్రాస్‌లలో ఉండేది నికెల్ మెటల్ హైడ్రైడ్. రెండో తరం ప్రియస్‌లో 28 మాడ్యూళ్లు ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌లో 1.2 వోల్ట్ సెల్లులు ఆరు, అంటే 7.2 వోల్ట్, మొత్తం 201.6 వోల్ట్. పాత క్యామ్రీలో 34 మాడ్యూళ్లు, 244.8 వోల్ట్. 2022లో వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో 177.6 వోల్ట్ లిథియం అయాన్ ప్యాక్, హోండా సిటీ హైబ్రిడ్‌లో 172.8 వోల్ట్ లిథియం అయాన్ ప్యాక్ ఉంటాయి. మాడ్యూళ్ల గురించి కింద చెప్పేదంతా నికెల్ ప్యాక్‌లకే. లిథియం సంగతి చివర్లో చెప్తాను.

కారు కొత్తదైతే ఏ స్క్రూ ముట్టుకోకముందే వారంటీ పుస్తకం తీయండి. టయోటా, మారుతి, హోండా మూడూ ఈ హైబ్రిడ్ బ్యాటరీలకు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇచ్చాయి. ఆ లోపు ప్యాక్ మూత తెరిస్తే ఆ హక్కు మీరే పోగొట్టుకున్నట్టు. ప్యాక్ తెరవకుండా డేటా చదువుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

స్కానర్ పెట్టే ముందు 12 వోల్ట్ బ్యాటరీ చూడాలి. హైబ్రిడ్‌లో ఈ చిన్న బ్యాటరీ ఇంజిన్‌ను తిప్పదు, కంప్యూటర్లను మేల్కొలుపుతుంది. అది నీరసపడితే ఈసీయూలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేక యు0100 లాంటి యు కోడ్లు గుంపుగా పడతాయి, దాంతో పాటు పి0560 కూడా రావచ్చు. స్కానర్ మీద కోడ్లు వరసగా కనబడితే జనం కంగారుపడతారు. కోడ్లు అన్ని సిస్టమ్‌ల నుంచీ ఒకేసారి వచ్చాయంటే పెద్ద బ్యాటరీని కాదు, చిన్నదాన్నే ముందు అనుమానించాలి. రాత్రంతా నిలబెట్టిన కారులో పొద్దున మీటర్ పెడితే 12.6 వోల్ట్ దగ్గర ఉండాలి. 12.2 కన్నా తక్కువుంటే చార్జ్ చేసి మళ్లీ చూడాలి. రెడీ లైటు (కారు కదలడానికి సిద్ధమని చెప్పేది) వెలిగాక 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. ఈ కార్లలో ఆల్టర్నేటర్ లేదు, ఆ పని పెద్ద బ్యాటరీ వోల్టేజీని చిన్నదానికి తగ్గించి ఇచ్చే డీసీ డీసీ కన్వర్టర్ చేస్తుంది. రెడీలో ఉన్నా 12.5 దగ్గరే ఆగిపోతే కన్వర్టర్ దిక్కుకు వెళ్లాలి, అక్కడ పి0ఏ08 కూడా ఉండొచ్చు. చిన్న బ్యాటరీ డిక్కీలో ఉండే మోడల్‌కైతే గాలి గొట్టం ఉన్న ఏజీఎమ్ (యాసిడ్ ఒలకని) రకమే వేయాలి. సైజు సరిపోయింది కదా అని మామూలు యాసిడ్ బ్యాటరీ పెడితే ఆ ఆవిరి కారు లోపలికే వస్తుంది.

ఇక స్కానర్. మూడు నాలుగు వందల రూపాయల బ్లూటూత్ అడాప్టర్‌తో మామూలు యాప్ పెడితే ఇంజిన్ ఈసీయూ కోడ్లే కనబడతాయి. హైబ్రిడ్ కంట్రోల్ ఈసీయూ, బ్యాటరీ ఈసీయూలతో విడిగా మాట్లాడే సాఫ్ట్‌వేర్ కావాలి. టయోటాకు టెక్‌స్ట్రీమ్ ఉంది. ఫోన్‌లోనైతే డాక్టర్ ప్రియస్, హైబ్రిడ్ అసిస్టెంట్ లాంటి యాప్‌లు బ్లాక్ వోల్టేజీలు చూపిస్తాయి, కాకపోతే అడాప్టర్ మంచిదై ఉండాలి. నాసిరకం నకిలీ అడాప్టర్లు మధ్యలో డేటా వదిలేస్తాయి. అప్పుడు ఒక బ్లాక్ సున్నా చూపిస్తే అది బ్లాక్ తప్పా, అడాప్టర్ తప్పా అర్థం కాదు.

స్కానర్ కలిపిన వెంటనే చాలా షెడ్లలో చేసే పని డిలీట్ కొట్టడం. "లైటు మళ్లీ వస్తే చూద్దాం లే" అంటారు. దాంతో సాక్ష్యమంతా పోతుంది. కోడ్ పడిన క్షణంలో కారు పరిస్థితిని ఈసీయూ దాచిపెట్టుకుంటుంది, దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అప్పుడు బ్యాటరీ చార్జ్ ఎంత, కరెంటు ఎంత, ఉష్ణోగ్రత ఎంత, ఫ్యాన్ ఏ స్పీడులో ఉంది, అన్నిటికన్నా తక్కువ వోల్టేజీ ఏ నంబరు బ్లాక్‌ది, ఎక్కువ ఏ నంబరుది, అన్నీ అందులో ఉంటాయి. వాటికి ఫోన్‌తో ఫొటో తీసుకోండి. టయోటాలో కోడ్ పక్కన మూడంకెల సమాచార సంఖ్య కూడా ఉంటుంది, అదీ రాసుకోవాలి. కొన్ని కోడ్లలో కోడ్ కన్నా ఆ సంఖ్యే ముఖ్యం.

పి3000 అందుకు మంచి ఉదాహరణ. విడిగా చూస్తే 'బ్యాటరీ సిస్టమ్‌లో ఏదో ఉంది' అని తప్ప అది ఇంకేమీ చెప్పదు. పక్కన 123 ఉంటే బ్యాటరీ ఈసీయూలోకి వెళ్లి అక్కడి కోడ్ చూడాలి. 388, 389 ఉంటే బ్యాటరీ బాగా దిగిపోయిందని. బండి పెట్రోల్ అయిపోయాక బ్యాటరీ మీదే నడిపినప్పుడు ఇవి పడతాయి, వాటితో పాటు పి3190 గానీ పి3191 గానీ కనబడుతుంది. అక్కడ చెడిపోయింది ఏమీ లేదు. రైల్వే గేటు దగ్గర గేరు 'ఎన్'లో పెట్టి, ఏసీ వేసుకుని కూర్చునేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి: టయోటా పద్ధతి హైబ్రిడ్‌లో న్యూట్రల్‌లో ఉన్నంతసేపు బ్యాటరీ చార్జ్ కాదు, ఇంజిన్ తిరుగుతున్నా సరే. గేటు పడితే 'పి'లో పెట్టండి.

బ్లాక్‌ను నేరుగా వేలెత్తి చూపించే కోడ్లు పి3011 నుంచి పి3024 వరకూ ఉంటాయి. రెండో తరం ప్రియస్‌లో రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాక్‌గా కొలుస్తారు, మొత్తం 14 బ్లాకులు. పి3011 అంటే ఒకటో బ్లాక్, పి3024 అంటే పద్నాలుగోది. నంబరు తెలిసింది కదా అని ఆ రెండు మాడ్యూళ్లు మార్చేయకండి. తీరు చూడాలి.

తీరు చూడటానికి బ్లాక్ వోల్టేజీలను మూడు పరిస్థితుల్లో రికార్డు చేసుకోవాలి. ఒకటి, రెడీలో నిలబెట్టి, ఏసీ ఆపి, కరెంటు సున్నా దగ్గర ఉన్నప్పుడు. రెండు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి బ్యాటరీ నుంచి కరెంటు లాగుతున్నప్పుడు. మూడు, చార్జ్ ఎక్కుతున్నప్పుడు. టయోటా డేటాలో కరెంటు ప్లస్‌లో ఉంటే బ్యాటరీ ఇస్తున్నట్టు, మైనస్‌లో ఉంటే తీసుకుంటున్నట్టు. షెడ్డులోనే చార్జ్ పరీక్ష చేయాలంటే చక్రాలకు అడ్డం పెట్టి, ముందు మనుషులెవరూ లేకుండా చూసి, 'డి'లో ఎడమ కాలితో బ్రేకు పూర్తిగా తొక్కి పట్టి కుడి కాలితో యాక్సిలరేటర్ ఇవ్వాలి. పది సెకన్లు మించొద్దు. రోడ్డు మీదైతే కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాటు ఈ పనికి బాగా సరిపోతుంది. ఎక్కేటప్పుడు కరెంటు లాగుతుంది, దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారే రీజెన్ బ్రేకింగ్‌తో చార్జ్ ఎక్కుతుంది. పక్క సీట్లో ఇంకొకరు కూర్చుని రికార్డు చేయాలి, నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు.

ఇప్పుడు అంకెలు చదవడం. మిగతా బ్లాకులన్నీ 15.8 దగ్గర ఉండగా ఒకటి మాత్రం 14.6 చూపిస్తోంది. లోడు పెట్టినా, చార్జ్ ఎక్కినా, ఊరికే ఉన్నా ఆ 1.2 వోల్ట్ తేడా అలాగే ఉంటోంది. అయితే ఆ బ్లాక్‌లో ఒక సెల్ షార్టయి చచ్చిపోయింది. ఇందులో సందేహం లేదు, 1.2 అనేది ఒక సెల్ వోల్టేజీ.

రెండో తీరు: ఊరికే ఉన్నప్పుడు అన్నీ సమానం. 60 ఆంప్ లాగితే మంచివి 15.9 నుంచి 14.7కు దిగితే, ఒకటి 13.8కి పడిపోయింది. చార్జ్ ఎక్కేటప్పుడు అదే బ్లాక్ మిగతావాటి పైకి లేచింది. ఇది లోపలి నిరోధం పెరిగిన లక్షణం. లెక్క కడితే మంచిదానికి 1.2 వోల్ట్‌ను 60తో భాగిస్తే 20 మిల్లీఓమ్, చెడ్డదానికి 2.1ని 60తో భాగిస్తే 35 మిల్లీఓమ్. ఆ అదనపు 15 మిల్లీఓమ్ మాడ్యూల్ లోపల ఉందా, బయట రాగి పట్టీ దగ్గర ఉందా అనేది స్కానర్‌కు తెలియదు. నట్టు వదులైనా, చిలుము పట్టినా సరిగ్గా ఇలాగే కనబడుతుంది. ప్యాక్ తెరిచి చూడకుండా ఈ రెంటినీ వేరు చేయలేం.

మూడో తీరు వినడానికి చిత్రంగా ఉంటుంది. ఐదో బ్లాక్ తక్కువ, పక్కనున్న ఆరోది అంతే ఎక్కువ. రెండూ కూడితే మొత్తం సరిపోతుంది. అంటే ఆ రెండు బ్లాకులూ కలిసే చోట ఉన్న కొలత తీగలో తేడా. ఒక సరిహద్దు రాయి పక్కకు జరిగితే ఒకరి పొలం తగ్గి పక్కవాళ్లది పెరిగినట్టు, కొలిచే బిందువు జరిగింది గానీ సెల్లులకు ఏమీ కాలేదు. తీగల జడలో ఆ ఒక్క తీగ, దాని కనెక్టర్ పిన్ను చూస్తే చాలు.

నాలుగోది, అన్ని బ్లాకులూ సమానంగా ఉంటాయి గానీ చార్జ్ బార్లు ఐదు నిమిషాల్లో నిండి, ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతాయి. టయోటా నికెల్ ప్యాక్‌ను సుమారు 40 నుంచి 80 శాతం మధ్యే వాడుతుంది, 60 దగ్గర ఉంచడానికి చూస్తుంది. ఆ శాతం ఊయల ఊగుతుంటే ప్యాక్ మొత్తం ముసలిదైనట్టే, ఒక మాడ్యూల్ మార్చి లాభం లేదు. ఇలాంటప్పుడు పి0ఏ7ఎఫ్ కూడా పడొచ్చు.

మన దగ్గర ప్యాక్‌లను తొందరగా ముసలి చేసేది ఎండ, దుమ్ము. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 43, 44 డిగ్రీలు మామూలు. ఈ ఎయిర్ కూల్డ్ ప్యాక్‌లు గాలిని కారు లోపలి నుంచే పీల్చుకుంటాయి. ఆ గాలి సందు కొన్ని మోడళ్లలో వెనక సీటు పక్కన, కొన్నిట్లో ముందు సీటు కింద ఉంటుంది. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కి అద్దాలు దించకుండా బయల్దేరితే బ్యాటరీ పీల్చేది ఆ పొయ్యి గాలే. సందుకు అడ్డంగా బ్యాగు, దుప్పటి పెట్టినా అంతే. దానికి జాలీ ఫిల్టర్ ఉంటుంది. తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర, ఎర్రగుంట్ల సిమెంటు రోడ్ల మీద తిరిగే బండికి అది తెల్లటి పొడితో మూసుకుపోతుంది. ఆదోని జిన్నింగ్ మిల్లుల దగ్గర తిరిగే బండికి దూది పీచు పట్టి ఫెల్ట్ గుడ్డలా తయారవుతుంది. దాన్ని ప్రతి సర్వీసులోనూ తీసి చూడాలి, ఇక్కడి వాడకానికి పుస్తకంలోని గడువు సరిపోదు. బ్రష్‌తో దులిపి, లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాలి. కడిగితే పూర్తిగా ఆరాకే పెట్టాలి.

ఫిల్టర్ వరకే ఆగకూడదు. ఫ్యాన్ చక్రం రెక్కల మధ్య కూడా మట్టి గట్టిపడుతుంది, అప్పుడు పి0ఏ82 పడుతుంది. ఆ కోడ్ అర్థం ఫ్యాన్ ఆగిపోయిందనే కాదు, తిరుగుతున్నా చల్లబరచాల్సినంత చల్లబరచడం లేదని కూడా. ఫ్యాన్ వైరింగ్‌లో తేడా ఉంటే పి0ఏ84, పి0ఏ85 పడతాయి. టెక్‌స్ట్రీమ్ యాక్టివ్ టెస్టులో (స్కానర్ నుంచే పార్టును నడిపే పరీక్ష) ఫ్యాన్‌ను 1 నుంచి 6 వరకూ నడిపి, సందు దగ్గర పల్చటి కాగితం పెట్టి చూడండి. పై స్పీడుల్లో కాగితం అతుక్కుని నిలబడాలి. ఫ్యాన్ హోరుమంటున్నా కాగితం జారిపోతే గొట్టం ఎక్కడో ఊడింది లేదా లోపల మూసుకుంది. సీటు తీసి పెట్టిన బండ్లలో గొట్టం చివరి ఫోమ్ సీలు సరిగా కూర్చోకపోవడం చాలాసార్లు కనబడుతుంది.

ఉష్ణోగ్రత సెన్సర్లను పొద్దున్నే, కారు కదలకముందు చూడాలి. అన్నీ బయటి ఉష్ణోగ్రతకు రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి మైనస్ 40 చూపిస్తే అనంతపురంలో మంచు పడినట్టు కాదు, ఆ సెన్సర్ తీగ తెగింది. అసాధ్యమైనంత ఎక్కువ చూపిస్తే షార్టయింది. పి0ఏ9సి, పి0ఏ9డి, పి0ఏ9ఈ ఈ కుటుంబంవే. నడిచాక మధ్య సెన్సర్ కాస్త వేడిగా ఉండటం సహజం, చివరి మాడ్యూళ్లకు తగిలినంత గాలి మధ్యవాటికి తగలదు. మొదట పోయేవి కూడా మధ్యవే.

ఇప్పుడు అన్నిటికన్నా తలనొప్పి కోడ్: పి0ఏఏ6. హై వోల్టేజీ ఎక్కడో బాడీకి లీకవుతోంది. ఈ కోడ్ పడ్డ బండిని ఆపితే మళ్లీ రెడీలోకి రాకపోవచ్చు, కాబట్టి ఆపే ముందు చోటు చూసుకోండి. హై వోల్టేజీ ప్లస్, మైనస్ రెండూ బాడీకి తగలకుండా విడిగా ఉంటాయి. మన దేశంలోని ఏఐఎస్-038 ప్రమాణం డీసీ వైపు వోల్ట్‌కు కనీసం 100 ఓమ్, ఏసీ వైపు 500 ఓమ్ ఇన్సులేషన్ ఉండాలంటుంది. 201.6 వోల్ట్‌కు 100 చొప్పున లెక్కేస్తే దాదాపు ఇరవై వేల ఓమ్, 500 చొప్పున లెక్కేస్తే దాదాపు లక్ష ఓమ్. అది చట్టం గీసిన గీత మాత్రమే, ఆరోగ్యంగా ఉన్న కేబుల్ మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) మీద మెగాఓమ్‌లలో చూపించాలి.

సమాచార సంఖ్య 526 అంటే లీకు ఉంది, చోటు తెలియలేదు. 611 ఏసీ కంప్రెసర్ ప్రాంతం, 612 బ్యాటరీ ప్రాంతం, 613 ట్రాన్స్‌యాక్సిల్ (మోటార్లు, గేర్లు ఉండే పెట్టె), 614 హై వోల్టేజీ డీసీ ప్రాంతం. 526 ఒక్కటే ఉంటే డేటాలో 'షార్ట్ వేవ్ హయ్యెస్ట్' విలువ పెట్టుకుని చూడండి. లీకు లేకపోతే అది 5 వోల్ట్ దగ్గర నిలబడుతుంది, లీకు ఉంటే సున్నా వైపు పడుతుంది. రెడీ కాకుండా ఇగ్నిషన్ ఆన్‌లోనే పడిపోయిందంటే బ్యాటరీని కారుతో కలిపే రిలేలు (పెద్ద స్విచ్‌లు) ఇంకా మూసుకోలేదు గనుక తప్పు బ్యాటరీ పెట్టె లోపలే. రెడీ లైటు రాగానే పడితే ఇన్వర్టర్ (బ్యాటరీ డీసీని మోటార్లకు ఏసీగా మార్చే పెట్టె), కేబుళ్ల వైపు. ఏసీ నొక్కగానే పడితే కంప్రెసర్. గేరు వేసి కదిలించినప్పుడు పడితే మోటార్ల వైపు. ఒక్క పార్టూ విప్పకుండా సగం పని అయిపోతుంది.

కంప్రెసర్ అయితే బండికి ఈమధ్య గ్యాస్ ఎక్కించారేమో అడగండి. హైబ్రిడ్‌ల ఎలక్ట్రిక్ కంప్రెసర్ లోపల మోటారు వైండింగ్ ఆయిల్‌లోనే ఉంటుంది. దానికి ఎన్‌డీ ఆయిల్ 11 అనే పీఓఈ రకం ఆయిలే వాడాలి, దానికి విద్యుత్తును ఆపే గుణం ఉంది. మామూలు కార్లకు పోసే పీఏజీ ఆయిల్ కొంచెం కలిసినా ఇన్సులేషన్ పడిపోతుంది. గ్యాస్ మెషీన్ గొట్టాల్లో ముందు బండి ఆయిల్ మిగిలి ఉన్నా ఇబ్బందే. ఏసీ షాపుకు వెళ్లినప్పుడు ఇది హైబ్రిడ్ అని చెప్పి, గొట్టాలు ఫ్లష్ చేశాకే పెట్టమని నిలబడి చూసుకోండి.

బ్యాటరీ పెట్టె లోపల లీకయితే చాలాసార్లు ఒక మాడ్యూల్ అడుగున పగిలి ఎలక్ట్రోలైట్ కారి ట్రేకు తగులుతుంటుంది. దాన్ని పట్టుకోవడానికి మంచి మీటర్ చాలు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ తీసుకుని సర్వీస్ ప్లగ్ (ప్యాక్ మధ్య కనెక్షన్ తెంచే ప్లగ్) తీస్తే ప్యాక్ రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కకు ఆ ముక్క ప్లస్ నుంచి ట్రేకు, మైనస్ నుంచి ట్రేకు వోల్టేజీ కొలవండి. లీకు లేని ముక్కలో అంకె జారిపోయి సున్నా దగ్గరికి వస్తుంది. లీకు ఉన్నదానిలో స్థిరంగా నిలబడుతుంది. 14 మాడ్యూళ్ల ముక్క మొత్తం 110 వోల్ట్ ఉందనుకుందాం, ఒక్కో మాడ్యూల్ 7.86. ప్లస్ నుంచి ట్రేకు 31, మైనస్ నుంచి 79 వచ్చింది. 31ని 7.86తో భాగిస్తే దాదాపు 4. ప్లస్ వైపు నుంచి నాలుగో మాడ్యూల్, ఐదో మాడ్యూల్ కలిసే చోట చూడండి. అక్కడ తెల్లటి ఉప్పులాంటి పొర కనబడుతుంది. అది క్షారం, ఒట్టి చేత్తో ముట్టుకోకండి. కంటికి తగిలితే ధారగా నీళ్లు పోసుకుంటూ డాక్టర్ దగ్గరికి పోవాలి.

పెట్టె తెరిచే ముందు పాటించాల్సినవి ఇప్పుడైనా గట్టిగా చెప్పాలి. 200 వోల్ట్ డీసీ ప్రాణం తీస్తుంది. తాళంచెవి దూరంగా పెట్టండి. 12 వోల్ట్ బ్యాటరీ మైనస్ తీయండి. 1000 వోల్ట్ రబ్బరు గ్లోవ్స్ వేసుకునే ముందు అంచు నుంచి చుట్టి, గాలి బిగించి, ఎక్కడైనా కారుతుందేమో చూడండి. నారింజ రంగు సర్వీస్ ప్లగ్ లాగి మీ జేబులోనే పెట్టుకోండి, బానెట్ మీద పెడితే ఇంకొకరు తెచ్చి తగిలించే ప్రమాదం ఉంది. ఇన్వర్టర్ కెపాసిటర్లు దిగడానికి పది నిమిషాలు ఆగండి. తర్వాత మీటర్‌ను ముందు 12 వోల్ట్ బ్యాటరీ మీద పెట్టి పని చేస్తోందని చూసి, హై వోల్టేజీ టెర్మినళ్ల మీద సున్నా చూసి, మళ్లీ 12 వోల్ట్ మీద చూడండి. పి0ఏఏ1 గానీ పి0ఏఏ4 గానీ ఉన్న బండితో మరీ జాగ్రత్త. అవి రిలే అతుక్కుపోయిందని చెప్పే కోడ్లు, అంటే కారు ఆపినా కేబుళ్లలో కరెంటు ఉండొచ్చు. ఇంకొకటి, ప్లగ్ తీసినంత మాత్రాన మాడ్యూళ్లు చావవు. ఒక్కో ముక్కలో వంద వోల్ట్ పైన కూడా ఉండొచ్చు. ఉంగరం, వాచీ, మొలతాడు మీద వేలాడే తాళాలు తీసేయండి.

తెరిచాక ముందు చూడాల్సింది రాగి పట్టీలు. ఆకుపచ్చ, నలుపు చిలుము కనబడితే తీసి వెనిగర్‌లో నానబెట్టి, నీళ్లతో కడిగి, సన్న స్కాచ్‌బ్రైట్‌తో రుద్ది, బాగా ఆరబెట్టండి. నట్లకు 5.4 న్యూటన్ మీటరే బిగింపు. రెండో తరం ప్రియస్‌లో పుస్తకం చెప్పేదీ అదే. చేతి బలంతో బిగిస్తే టెర్మినల్ ప్లాస్టిక్‌లో తిరిగిపోతుంది, బాగున్న మాడ్యూల్ పోతుంది. చిన్న టార్క్ రెంచ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. రెండో తీరు కనబడ్డ బండి చాలాసార్లు ఇక్కడితోనే బాగుపడుతుంది.

పట్టీలు శుభ్రంగా ఉంటే మాడ్యూళ్లను విడివిడిగా పరీక్షించాలి. 12 వోల్ట్ 55 వాట్ హెడ్‌లైట్ బల్బు తగిలించి, రెండు నిమిషాలు వెలిగించి, ఆఖరి క్షణంలో వోల్టేజీ రాసుకోండి. బల్బు మసకగానే వెలుగుతుంది, పర్లేదు. ఆర్పాక ఒక నిమిషం ఆగి మళ్లీ రాసుకోండి. అన్నీ ఒకే దారిలో ఉంటే ప్యాక్ మంచిదే, ఒకటి మిగతావాటికన్నా వోల్ట్ దాకా పడిపోతే దాంట్లో సెల్ పోయింది. మార్చే మాడ్యూల్ కొత్తది కాకుండా మిగతావాటి కెపాసిటీకి దగ్గరగా ఉన్నది కావాలి. కొత్తది పెడితే పాతవి వెనకబడి మళ్లీ అదే తేడా వస్తుంది. చివరికి అన్నిటినీ సమాంతరంగా కలిపి ఒక రాత్రి ఉంచాలి. బయట చార్జ్ చేస్తే పక్క ప్లేట్లు బిగించే చేయాలి, లేకపోతే మాడ్యూళ్లు ఉబ్బిపోతాయి. పదేళ్లు దాటిన ప్యాక్‌లో ఒకటి మార్చి ఇచ్చేవాళ్లు అది ఎన్నాళ్లకు మళ్లీ వస్తుందో ముందే చెప్పడం న్యాయం. పక్కవీ అంతే వయసువి.

ఇన్వర్టర్ గురించి రెండు మాటలు. పి0ఏ93 పడితే బ్యాటరీని చూడకండి, ఇన్వర్టర్ కూలెంట్ పంపు చూడండి. రెడీలో రిజర్వాయర్ మూత తీస్తే నీళ్లు కదులుతూ కనబడాలి. మట్టం తగ్గిందని బోరు నీళ్లు పోయొద్దు. అనంతపురం బోరు నీళ్లు ఎంత గట్టివో గీజర్ తెరిస్తే తెలుస్తుంది, ఇన్వర్టర్ సన్న దారుల్లో అదే పొర పేరుకుంటుంది.

లిథియం ప్యాక్‌లైతే డేటా చదవడం వరకే. సెల్లుల మధ్య తేడా ఇక్కడ మిల్లీవోల్ట్‌లలో చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 20, 30 మిల్లీవోల్ట్ పట్టించుకోనక్కర్లేదు, వందలు దాటితే రిపోర్టు ప్రింటు తీసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. సెల్ మార్చడం, బల్బు పరీక్ష, చేతి చార్జర్ ఇవేవీ లిథియంకు చేయకూడదు. అగ్గి అంటుకుంటే షెడ్డు కూడా మిగలదు.

అంతా బిగించాక రెడీ లైటు రాకపోతే, స్కానర్‌లో పి0ఏ0డి గానీ ఉంటే, ముందు సర్వీస్ ప్లగ్ హ్యాండిల్ చూడండి. రెండో తరం ప్రియస్‌లో దాన్ని లోపలికి తోసి, పైకి తిప్పి, ఆఖర్న కిందికి జార్చి లాక్ చేయాలి. ఆ మూడో కదలిక మర్చిపోతే ఇంటర్‌లాక్ (భద్రత స్విచ్) కలవదు, కారు ముందుకు కదలదు. ఇన్వర్టర్ మూత బోల్టు ఒకటి వదిలేసినా అంతే. అది సరిచూసుకుని, కోడ్లు అప్పుడు డిలీట్ కొట్టి, చార్జ్, డిస్చార్జ్ రెండూ పడేలా అరగంట నడిపి, బ్లాక్ వోల్టేజీలు మళ్లీ రికార్డు చేసి పాతవాటి పక్కన పెట్టి చూసుకోండి.